పొట్టి వరి, తెల్ల బియ్యం, మసూరి తెగులు: మొక్కల్లో దాగిన లక్షణాల లెక్క

ఇవాళ తెలుగు నేల మీద కనిపించే వరి చేలల్లో చాలా భాగం పొట్టి రకాలే. నడుము దాటి పెద్దగా పెరగవు, యూరియా వేసినా పాత పొడుగు రకాల్లాగా నేలకు ఒరిగిపోవు. ఈ పొట్టితనం అంతర్గత లక్షణం. పొడుగు వరితో సంకరం చేస్తే మొదటి తరంలో పైకి కనిపించదు. తెల్ల బియ్యం సంగతీ అంతే, ఎర్ర బియ్యపు రకంతో కలిపితే ఎరుపే పైచేయి. రోజూ కంచంలోకి వచ్చే అన్నం రెండు అంతర్గత లక్షణాల పంట అన్నమాట. కాబట్టి బహిర్గతం అంటే బలమైనది, అంతర్గతం అంటే బలహీనమైనది, పోనుపోను అంతరించేది అన్న అపోహను మొట్టమొదట వదిలించుకోవాలి. ఒకే జన్యువుకు చెందిన రెండు వేర్వేరు కాపీలు ఒకే మొక్కలో ఉన్నప్పుడు ఏది పైకి కనిపిస్తుందో మాత్రమే ఆ మాటలు చెబుతాయి. ఏది మంచిదో, ఏది ఎక్కువ పొలాల్లో ఉంటుందో చెప్పవు.

మొక్కలో ప్రతి జన్యువుకూ రెండు కాపీలుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఆ కాపీల్లోని రకాలనే యుగ్మ వికల్పాలు అంటారు. రెండూ ఒకటే అయితే సమయుగ్మజం, వేరైతే విషమయుగ్మజం. పుప్పొడి రేణువులోకి గానీ అండంలోకి గానీ ఈ రెంటిలో ఒక్కటే వెళ్తుంది. ఏది వెళ్తుందనేది నాణెం ఎగరేసినట్టే. మిగతా లెక్కంతా ఇక్కడి నుంచే పుడుతుంది.

ఈ లెక్కను మొదట పట్టుకున్నవాడు గ్రెగర్ మెండెల్. ఇప్పటి చెక్ దేశంలోని బ్రనో పట్టణంలో, మఠం తోటలో 1856 నుంచి 1863 దాకా బఠానీ మొక్కల మీద పనిచేశాడు. 1865లో ఫలితాలు చదివి వినిపించాడు, 1866లో అచ్చు వేశాడు. గుండ్రటి గింజల బఠానీని ముడతల గింజల బఠానీతో కలిపితే మొదటి తరం గింజలన్నీ గుండ్రంగానే వచ్చాయి. వాటిని మొలకెత్తించి, ఆ మొక్కలను తమ సొంత పుప్పొడితోనే ఫలదీకరణ చెందనిస్తే రెండో తరంలో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి తేలాయి. నిష్పత్తి 2.96కు 1. పొడుగు, పొట్టి మొక్కల లెక్క 787, 277. ఎక్కడ చూసినా మూడుకు ఒకటి దగ్గరే.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. మెండెల్ పనిలో అసలు పదును దీని తర్వాతి మెట్టులో ఉంది. ఆ గుండ్రటి గింజలన్నీ లోపల ఒకటేనా అని అడిగాడాయన. వాటి నుంచి 565 మొక్కలు పెంచి, ఒక్కో మొక్క గింజలను విడిగా చూశాడు. 193 మొక్కలు అన్నీ గుండ్రటి గింజలే ఇచ్చాయి, 372 మొక్కలు రెండు రకాలూ ఇచ్చాయి. అంటే పైకి 3:1గా కనిపించింది లోపల 1:2:1. నాలుగింట ఒకటి నిఖార్సైన గుండ్రం, రెండు లోపల ముడతను దాచుకున్నవి, ఒకటి ముడత. విత్తనాల పని చేసే ప్రతి ఒక్కరికీ ఈ రెండో లెక్కే ముఖ్యం. పైకి కనిపించే రూపాన్ని దృశ్యరూపం అని, లోపలి కాపీల కూర్పును జన్యురూపం అని విడదీసి చెప్పడం ఈ తేడా వల్లే అవసరమైంది.

ఈ 3:1ని నమ్మి చిన్న మడిలో నాలుగు మొక్కలు పెంచి నిరాశపడేవాళ్లు ఎక్కువ. నాలుగు మొక్కల్లో సరిగ్గా మూడు, ఒకటి రావడానికి ఉన్న అవకాశం 42 శాతమే. పొట్టిది ఒక్కటీ రాకపోవడానికి 32 శాతం అవకాశముంది. రెండో తరంలో కనీసం ఒక్క అంతర్గత మొక్క దొరుకుతుందని 95 శాతం నమ్మకం కావాలంటే 11 మొక్కలు, 99 శాతం కావాలంటే 17 మొక్కలు పెంచాలి. మొలవనివి, చచ్చిపోయేవి కలుపుకుంటే పాతిక నాటడం మేలు. వచ్చిన లెక్క 3:1కి సరిపోయిందా లేదా అన్నది కై స్క్వేర్ పరీక్షతో తేల్చుకోవచ్చు. మెండెల్ పొడుగు, పొట్టి లెక్కకు ఆ విలువ సుమారు 0.6. రెండు తరగతుల లెక్కకు 3.84 దాటితేనే అనుమానించాలి.

ఒక కాపీ ఇంకో కాపీని ‘అణచివేస్తుంది’ అని తరచూ రాస్తుంటారు. చాలా సందర్భాల్లో అణచివేత ఏమీ లేదు, సరిపడా పని జరగడమే ఉంది. మెండెల్ ముడతల బఠానీలో పిండి పదార్థాన్ని కొమ్మలు కొమ్మలుగా అల్లే ఎంజైమ్ జన్యువులోకి సుమారు 800 రసాయన అక్షరాల పొడవున్న అదనపు డీఎన్‌ఏ ముక్క వచ్చి దూరింది. దాంతో ఆ కాపీ పనిచేయదు. పిండి తగ్గి, చక్కెర మిగిలిపోయి, ఆ చక్కెర నీటిని లాగి గింజను ఉబ్బిస్తుంది. ఎండినప్పుడు నీరంతా పోయి తొక్క ముడుచుకుంటుంది. రెండు కాపీల్లో ఒకటి బాగున్నా గింజ గుండ్రంగా ఉండేంత పిండి తయారవుతుంది, అందుకే గుండ్రం బహిర్గతం. అదే విషమయుగ్మజ గింజను కోసి సూక్ష్మదర్శిని కింద పిండి రేణువులను చూస్తే అవి అటూ ఇటూ కాకుండా మధ్యస్థంగా ఉంటాయి. కంటికి సంపూర్ణ బహిర్గతం, సూక్ష్మదర్శినికి అసంపూర్ణం. బహిర్గతత్వం జన్యువుకు అతుక్కుని ఉన్న గుణం కాదని, మనం దేన్ని కొలుస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుందని దీంతో తేలుతుంది.

వరి పొట్టితనమూ ఈ కోవలోదే. తైవాన్‌కు చెందిన డీ-జియో-వూ-జెన్ రకంలో జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ తయారీకి కావలసిన ఒక జన్యువులో 383 అక్షరాలు ఊడిపోయాయి. ఆ జన్యువుకు ఎస్‌డి1 అని పేరు. రెండు కాపీలూ అలాంటివే అయితే హార్మోన్ తగ్గి కాండం కురచవుతుంది, ఒక్క మంచి కాపీ ఉన్నా మొక్క పొడుగు సాగుతుంది. 1966లో ఫిలిప్పీన్స్ నుంచి విడుదలైన ఐఆర్8 రకానికి, తైవాన్ రకమైన టి.ఎన్.1కు పొట్టితనం ఇక్కడి నుంచే వచ్చింది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరి, అంటే బి.పి.టి. 5204, తల్లిదండ్రుల వరసలోనూ టి.ఎన్.1 ఉంది.

లక్షణం ఏ తరంలో, మొక్క ఏ భాగంలో కనిపిస్తుందన్న దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. గింజ ఒకే తరానికి చెందిన వస్తువు కాదు. పైపొర తల్లిది. లోపలి పిండం కొత్త తరం. ధాన్యాల్లో తినే భాగమైన అంకురచ్ఛదం కూడా కొత్త తరమే, అయితే అందులో తల్లి వాటా రెండు, తండ్రి వాటా ఒకటి.

తీపి మొక్కజొన్నను మామూలు మొక్కజొన్న పక్కన వేస్తే ఏమవుతుందో చూడండి. తీపిదనం అంతర్గతం, అది ఉండేది అంకురచ్ఛదంలో. పక్క చేను పుప్పొడి పడితే అదే కండె మీద, అదే కాపులో కొన్ని గింజలు తీపి తగ్గి పిండిగా మారతాయి. ఎండిన కండెలో నున్నటి గింజలు, ముడతల గింజలు పక్కపక్కనే కనిపిస్తాయి. అందుకే తీపి మొక్కజొన్నకు దూరమైనా పాటించాలి, పూత కలవకుండా మూడు వారాల తేడాతోనైనా విత్తాలి.

మిరప తీరు వేరు. కారం బహిర్గతం, కారం లేని బెంగళూరు మిరప అంతర్గతం. డాబా మీద రెంటినీ పక్కపక్కన పెంచితే బెంగళూరు మిరపకాయ ఘాటెక్కుతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. అలా జరగదు. కారం తయారయ్యేది కాయ లోపలి తెల్లటి ఈనెల్లో, అది పూర్తిగా తల్లి కణజాలం. పుప్పొడి ఎవరిదైనా ఈ ఏడు కాయ చప్పగానే ఉంటుంది. ఆ కాయ గింజలు దాచి మళ్లీ నాటినప్పుడు మాత్రం వచ్చిన మొక్కల్లో కొన్ని నిజంగానే కారంగా కాస్తాయి. తప్పు ఈ ఏడు జరిగి, ఫలితం వచ్చే ఏడు బయటపడుతుంది.

ఎర్ర బియ్యం కల్తీ ఇంకా మోసకారి. ఎరుపు ఉండేది తవుడు పొరలో, అదీ తల్లి కణజాలమే. తెల్ల వరి పువ్వు మీద ఎర్ర వరి పుప్పొడి పడితే ఆ గింజ దంచినా తెల్లగానే కనిపిస్తుంది. దాన్ని నాటితే వచ్చిన మొక్క గింజలన్నీ ఎర్రగా ఉంటాయి. ఆ గింజలను మళ్లీ నాటితే మూడొంతుల మొక్కలు ఎరుపు, ఒక వంతు తెలుపు. బెరుకులు, అంటే చేలో కలిసిపోయిన వేరే రకం మొక్కలు, ఏరేవాళ్లు వడ్లు మాత్రమే చూసి సరిపెట్టుకోకూడదు. రంగు ఊక కింద ఉంటుంది కాబట్టి అనుమానం వచ్చిన ప్రతి దుబ్బు నుంచి నాలుగు వడ్లు ఒలిచి చూడాలి. ఎరుపు బహిర్గతం కావడం ఇక్కడ రైతుకు మేలే. దాక్కోలేదు కనుక, వరుసగా రెండు మూడు పంటల్లో కనిపించినదాన్ని కనిపించినట్టు వేళ్లతో సహా పీకేస్తే పోతుంది. అయితే కంకి పాలు పోసుకునే దశ దాటాక పీకితే లాభం తగ్గిపోతుంది, రాలిన గింజలు వచ్చే ఏటికి నేలలో కాచుకుని ఉంటాయి.

అంతర్గత లక్షణం కల్తీ అయితే ఈ సౌకర్యం ఉండదు. బాస్మతి సువాసన అంతర్గతం, ఒక జన్యువులో 8 అక్షరాలు ఊడిపోవడం వల్ల వచ్చింది. వాసన లేని రకంతో కలిపితే మొదటి తరం మొక్క ఆకులో పరిమళం ఉండదు. ఆకుతోనే పరీక్షించే పద్ధతి ఒకటుంది. రెండు గ్రాముల లేత ఆకును 5 మిల్లీమీటర్ల ముక్కలుగా కోసి, 1.7 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం 10 మిల్లీలీటర్లు పోసి, మూతపెట్టి పది నిమిషాలుంచి, మూత తీసి వెంటనే వాసన చూడాలి. సువాసన రకం పక్కన, వాసన లేని రకం పక్కన పెట్టుకుని పోల్చకపోతే ముక్కు మోసం చేస్తుంది. వరసగా పది నమూనాలు చూశాక కాసేపు ఆగడం తప్పనిసరి. ద్రావణం చర్మాన్ని కాలుస్తుంది, చేతికి తొడుగు వేసుకోవాలి.

ఈ లెక్కలన్నీ ఒకేచోట పనిచేసిన ఉదాహరణ తెలుగు నేల మీదే ఉంది. సాంబ మసూరి అన్నం అందరికీ ఇష్టం, కానీ ఆ రకానికి బాక్టీరియా ఎండాకు తెగులు తేలిగ్గా సోకుతుంది. ఆకు కొన నుంచి అంచుల వెంట పసుపు చారలు దిగి, గడ్డి రంగులోకి మారి, గింజ పాలు పోసుకునే వేళకు ఆకే ఉండదు. దీనికి నమ్మదగిన మందు పిచికారీ లేదు. హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం), వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి ఈ రకంలోకి మూడు నిరోధక జన్యువులు తెచ్చారు: ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. మొదటిది బహిర్గతం, మిగతా రెండూ అంతర్గతం.

నిరోధకత ఒకచోట బహిర్గతం, ఇంకోచోట అంతర్గతం ఎందుకయింది? ఎక్స్‌ఏ21 కాపలాదారు లాంటిది. ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చిన ఈ జన్యువు కణం పొర మీద ఉండే ప్రోటీన్‌ను తయారుచేస్తుంది, అది బాక్టీరియాను గుర్తుపట్టి లోపలికి కబురు పంపుతుంది. వాకిట్లో కాపలాదారు ఒక్కడున్నా దొంగ పట్టుబడతాడు, కాబట్టి ఒక్క కాపీ చాలు. ఎక్స్‌ఏ13 కథ దీనికి తలకిందులు. మామూలు మొక్కలో బాక్టీరియా తన ప్రోటీన్ ఒకదాన్ని కణంలోకి పంపి, చక్కెరను బయటికి చేరవేసే జన్యువును తన తిండి కోసం తెరిపించుకుంటుంది. ఎక్స్‌ఏ13 కాపీలో ఆ జన్యువు ముందుండే మీట భాగం మారిపోయింది, బాక్టీరియా ప్రోటీన్ అక్కడ పట్టు దొరకబుచ్చుకోలేదు. కానీ రెండు తలుపుల ఇంట్లో ఒకదానికి తాళం వేసి రెండోది బార్లా తెరిచి ఉంచితే ఏం లాభం? విషమయుగ్మజ మొక్కలో మిగిలిన మామూలు కాపీని తెరుచుకుని బాక్టీరియా పని కానిచ్చేస్తుంది. రెండు తలుపులూ మూసుకుంటేనే రక్షణ. ఎక్స్‌ఏ5 కూడా ఇదే తరహా, బాక్టీరియా వాడుకునే మొక్క ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారడమే అక్కడి తేడా.

సంకరణ పనిలో దీని ప్రభావం ఇలా ఉంటుంది. మసూరి రుచి, సన్న గింజ పోకుండా ఉండాలంటే వచ్చిన సంకరాన్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలపాలి. దీన్ని పశ్చ సంకరణం అంటారు. ఒకసారికి సగటున 75 శాతం, రెండుసార్లకు 87.5, నాలుగుసార్లకు 96.9 శాతం మసూరి వారసత్వం తిరిగివస్తుంది. ఎక్స్‌ఏ21 ఒక్కటే అయితే ప్రతి తరంలో తెగులు సోకించి, తట్టుకున్న మొక్కను ఎంచుకుంటే చాలు. ఆ పరీక్ష తేలికే. దుబ్బు బాగా పిలకలు వేసిన దశలో కత్తెరను బాక్టీరియా ద్రావణంలో ముంచి ఆకు కొనలు రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించి, పదిహేను రోజుల తర్వాత మచ్చ పొడవు కొలుస్తారు. అంతర్గత జన్యువులకు ఈ పరీక్ష పనికిరాదు. పశ్చ సంకరణంలో వచ్చే ఏ మొక్కలోనూ రెండు కాపీలు ఉండవు, జన్యువు ఉన్నదీ లేనిదీ ఒకేలా ఎండిపోతాయి. పాత పద్ధతిలో అయితే ప్రతి సంకరణం తర్వాత ఒక తరం స్వపరాగ సంపర్కం చేయించి, నిరోధకత చూపిన మొక్కను పట్టుకుని, అప్పుడు మళ్లీ సంకరం చేయాలి. అంటే కాలం రెట్టింపు.

డీఎన్‌ఏ గుర్తులు ఆ ఆలస్యాన్ని తప్పించాయి. ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, జన్యువును ఆనుకుని ఉన్న గుర్తును, చిన్న డీఎన్‌ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూపే పీసీఆర్‌లో చూస్తే కనిపించని కాపీ కూడా దొరుకుతుంది. మూడు జన్యువులు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి: 21 పదకొండో దానిలో, 13 ఎనిమిదో దానిలో, 5 అయిదో దానిలో. అందుకని స్వతంత్రంగా పంచుకుంటాయి. పశ్చ సంకరణంలో ఒక్కో జన్యువు సగం మొక్కలకు వస్తుంది, మూడూ కలిసి రావడం ఎనిమిదింట ఒకటి. అలాంటి మొక్క ఒకటైనా దొరకాలంటే 95 శాతం నమ్మకానికి 23 మొక్కలు చూడాలి. చివర స్వపరాగ సంపర్కంలో మూడూ రెండేసి కాపీలుగా కుదరడం 64లో ఒకటి. 95 శాతం నమ్మకానికి 191 మొక్కలు, 99 శాతానికి 293. నాలుగు పశ్చ సంకరణల తర్వాత, సుమారు 97 శాతం మసూరి వారసత్వం ఉన్న మొక్క నుంచి ఇలా స్థిరపరచిన రకమే 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదలైంది.

వరిలో సంకరం చేయడం ఓపిక పని. వెన్ను పొట్టలోంచి సగానికి పైగా వచ్చిన మొక్కను తల్లిగా ఎంచుకోవాలి. పైన ఇప్పటికే విచ్చుకున్న పువ్వులను, కింద మరీ లేతవాటిని కత్తిరించేయాలి. సాయంత్రం వేళ మిగిలిన ఒక్కో పువ్వు ఊకను పై మూడో వంతు వాలుగా కత్తిరించి, లోపలున్న ఆరు పరాగకోశాలనూ సన్న పట్టకారుతో తీసేయాలి. దీన్నే విపుంసీకరణ అంటారు. ఒక్కటి చిట్లినా ఆ గింజ సంకరం కాదు. బటర్ పేపర్ సంచి తొడిగి, మర్నాడు ఉదయం తొమ్మిదిన్నర, పదకొండు మధ్య తండ్రి వెన్ను పువ్వులు విచ్చుకోగానే దాన్ని తెచ్చి పైన దులిపి మళ్లీ సంచి కట్టాలి. నాలుగు వారాల్లో గింజ పండుతుంది. ఊక పైభాగం కోసేయడం వల్ల ఆ గింజ చిన్నగా, కొంత నగ్నంగా ఉండి తేలిగ్గా బూజు పడుతుంది. నేరుగా మడిలో చల్లకుండా తడి కాగితం మీద మొలకెత్తించడం మంచిది.

ఎంత జాగ్రత్తపడినా కొన్ని గింజలు తల్లి సొంత పుప్పొడితోనే పుడతాయి. వాటిని పట్టుకునే ఉపాయం ముందే ఏర్పాటు చేసుకోవాలి. అంతర్గత లక్షణమున్న మొక్కను తల్లిగా, బహిర్గత లక్షణమున్నదాన్ని తండ్రిగా పెట్టుకోవాలి. ఉదాహరణకు తల్లి ఆకు మొదలు ఆకుపచ్చ, తండ్రిది ఊదా అయితే, నారులో ఊదాగా ఉన్నవే నిజమైన సంకరాలు, పచ్చవి పీకేయొచ్చు. తిరగేసి చేస్తే అన్నీ ఊదాగానే ఉండి ఏది ఏదో తేలదు, ఒక పంట కాలం వృథా.

అన్ని లక్షణాలూ ఈ చట్రంలో ఇమడవు. ఇంటి ముందు సాయంత్రం పూసే చంద్రకాంతలో ఎరుపు, తెలుపు కలిస్తే గులాబీ రంగు వస్తుంది, తర్వాతి తరంలో 1:2:1గా విడిపోతుంది. అక్కడ విషమయుగ్మజాన్ని కంటితోనే గుర్తుపట్టొచ్చు. అదే మొక్కలో ఆకుల తెల్ల మచ్చలు హరితరేణువుల ద్వారా తల్లి నుంచి మాత్రమే వస్తాయి, తండ్రి ఎవరైనా ఒకటే. ఇక దిగుబడి, గింజ బరువు లాంటివి అనేక జన్యువులు, ఎరువు, నీరు కలిసి నిర్ణయించేవి. వాటిని 3:1లో వెతకడం వృథా ప్రయాస.

కావలసిన లక్షణం అంతర్గతమైతే అది కనిపించిన రోజే స్థిరపడినట్టు. పొట్టి మొక్క పొట్టి సంతానాన్నే ఇస్తుంది. బహిర్గతమైతే కనిపించిన మొక్కల్లో మూడింట రెండు మోసం చేస్తాయి. ఒక్కో మొక్క విత్తనాన్ని విడి వరసగా నాటి, వరసకు కనీసం 17 మొక్కలు చూడాలి. మెండెల్ కొన్ని లక్షణాలకు పదేసి మొక్కలే చూశాడు. అలా చూస్తే దాచుకున్నదాన్ని శుద్ధమైనదిగా పొరబడే అవకాశం 5.6 శాతం ఉంటుంది, 17 చూస్తే అది ఒక శాతం లోపుకు దిగుతుంది.

హైబ్రిడ్ విత్తనం దాచుకుని మళ్లీ వేసే రైతుకు ఎదురయ్యేదీ ఈ లెక్కే. హైబ్రిడ్ మొక్క ఎన్నో జన్యువుల్లో విషమయుగ్మజం. కేవలం పది జన్యువుల్లో అలా ఉందనుకున్నా, పది బహిర్గత లక్షణాలూ మళ్లీ ఒకే మొక్కలో కలిసి కనిపించడం తర్వాతి తరంలో వందకు ఆరు మొక్కల్లో కూడా జరగదు. ఎత్తు కలవదు, పూత ఒకేసారి రాదు, కాయ సైజు ఒకలా ఉండదు. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి హైబ్రిడ్ కాదు, మూడు జన్యువులూ రెండేసి కాపీలుగా కుదిరిన శుద్ధ రకం. బెరుకులు తీసి, కల్తీ కాకుండా నూర్చి ఆరబెట్టుకుంటే సొంత చేలో వడ్లే మరుసటి ఏడు విత్తనం, ఆ మూడు జన్యువులూ అందులోనే ఉంటాయి.